సముద్రపు మొద్దుకు పొత్తిగుడ్డలు

“పారబోస్తవా, నన్ను నూనె పొయ్యమంటవా? రెండిట్ల ఏదో ఒకటి చెప్పమ్మా.”

“రెండూ కావు. ముందుగాల ఆ డబ్బా కింద పెట్టు.”

“నేనెందుకు పెడత? ఇది నా డ్యూటీ.”

“ఇది నా డ్యూటీ. నువ్వు తొట్టి మీద చెయ్యేస్తె నేను నీ చెయ్యి మీద చెయ్యేస్త.”

“నీళ్ల తొట్టికి గింత కొట్లాటనా?”

“అది నీళ్ల తొట్టి కాదు. అండ్ల ఏమున్నదో చూసి మాట్లాడు బిడ్డా.”

“చూసిన. కట్టె ఉన్నది. కట్టె చుట్టు నీళ్లున్నయి. నీళ్లల్ల పురుగులున్నయి. నా పని పురుగులతోని, నీ కట్టెతోని కాదు.”

ఈ మాటలు నడిచింది నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలోని ఒక పాత మేడలో, మొదటి అంతస్తు వెనక వరండాలో. అటు నిలబడ్డవాడు ఇల్లిల్లూ తిరిగి దోమల మందు కొట్టే మనిషి. వీపు మీద పంపు, చేతిలో నూనె డబ్బా. ఇటు నిలబడ్డది నేను, చేతిలో మగ్గు. మధ్యలో ఒక నీలం ప్లాస్టిక్ తొట్టి. తొట్టిలో, సముద్రం అడుగు నుంచి వచ్చిన ఒక చెట్టు మొద్దు.

కొట్లాటను అక్కడే ఆపి ముందు వెనకలు చెప్తాను. ఇది చదివేవాళ్లలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఉంటారని నాకు తెలుసు. మీకు పనికొస్తుందో లేదో కానీ, ఫోను పక్కన పెట్టి చదవండి. సగం చదివి సగం ఊహించుకునే అలవాటు మంచిది కాదు.

నేను నాలుగో తరగతి దాకానే చదివాను. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక గౌలిగూడలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మా ఆయన బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. ఆయన పోయాక నేను ఈ ఆఫీసులో ఊడ్చే పనికి చేరాను. పెద్ద ఆఫీసేమీ కాదు. కొన్ని గదులు, ఒక వరండా, ఎప్పుడూ తడిగా ఉండే ఒక కడుగుడు గది. అంతే.

చేరిన కొత్తలో అక్కడ ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు. తూర్పు తీరం నుంచి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు రైల్లో వచ్చేవి. గొట్టాల నిండా బురద. సముద్రం మీద పడవ ఆపి, అడుగున ఉన్న మట్టిలోకి గొట్టం దింపి, పొరలు చెదరకుండా పైకి లాగిన బురద అది. సముద్రం ఎక్కడ, నాంపల్లి ఎక్కడ. వానాకాలంలో వీధి నిండా బురద ఉండగా మాకు మళ్లీ రైల్లో బురద వస్తుంటే, కిందున్న జిరాక్స్ దుకాణం వాళ్లు నవ్వేవాళ్లు. నేనైతే రైలు ఛార్జీ తలుచుకుని బాధపడేదాన్ని.

ఆ బురదను కడగడం నెమ్మదిగా నా పనయింది. చిటికెన వేలంత ముక్క కోసి నానబెట్టాలి. సన్న జల్లెడలో వేసి, నీళ్లు ధారగా కాకుండా చినుకులా పోయాలి. మట్టి పోవాలి, చెత్త మిగలాలి. ఇంట్లో చేసే పనికి సరిగ్గా తలకిందులు. మిగిలిన చెత్తలో గవ్వ ముక్కలు, గింజలు, వేళ్ల పీచు, ఎప్పుడైనా ఒక బొగ్గు నలుసు ఉండేవి. మేడం వాటిని భూతద్దం కింద పెట్టి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లను చూసినట్టు చూసేది.

మేడం అంటే మా మనవరాలికంటే కొంచెం పెద్ద పిల్ల. ఎంతో చదివింది, అయినా నన్ను అమ్మమ్మా అని పిలిచేది. ఆమె వెతుకుతున్నది సముద్రంలో మునిగిపోయిన నేలను. నేను కూడా మొదట అందరిలాగే అడిగాను, ద్వారకలాంటి పట్నమా, బంగారు స్తంభాలేమైనా దొరికాయా అని. కాదంది. పట్నాలకూ రాజులకూ ముందు, నాగలికి కూడా ముందు. అప్పుడు లోకమంతా చలి. చాలా నీళ్లు మంచుగడ్డలై చలి దేశాల్లో ఉండిపోయాయట. సముద్రం వెనక్కి తగ్గింది. ఇప్పుడు పడవలు తిరిగే చోట అప్పుడు అడవి ఉండేది, వాగులు పారేవి. మనుషులు వేటాడుకుని, గడ్డలు తవ్వుకుని తిరిగేవాళ్లు. మంచు కరిగినకొద్దీ నీళ్లు మీదికి వచ్చాయి. వాళ్లు వెనక్కి జరిగారు. వాళ్లు నడిచిన నేల నీళ్ల కిందే ఉండిపోయింది.

నాకు ఇది అర్థం కావడానికి కష్టమేమీ కాలేదు. మా నాన్న ఎండాకాలంలో చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గి బయటపడ్డ అడుగు నేలలో, దోస పెట్టేవాడు. నీళ్లు తగ్గినకొద్దీ పాదులు చెరువు లోపలికి పోయేవి. కాపలాకు చిన్న గుడిసె కూడా వేసుకునేవాళ్లం. వానలు పడగానే గుడిసె పీక్కుని గట్టెక్కేవాళ్లం. ఒక ఏడు ఒక గుంజ పీకకముందే నీళ్లొచ్చేశాయి. మళ్లీ ఎండాకాలం వచ్చాక చూస్తే, ఆ గుంజ బురదలో నల్లగా, గట్టిగా అలాగే ఉంది. మా నాన్న సంబరపడి దాన్ని గట్టు మీద ఎండకు పెట్టాడు. కొన్నాళ్లకే నిలువునా పగిలిపోయింది. తడిలో ఎన్నేళ్లున్నా ఉంటుంది, ఎండితేనే చస్తుంది అనుకున్నాం అప్పుడు.

అందుకే మొద్దు వచ్చినప్పుడు, దాన్ని ఎండనివ్వకూడదని మేడం చెబితే నేను మారు మాట్లాడలేదు.

ఆ మొద్దు గొట్టంలో రాలేదు, వలలో వచ్చింది. వలకు వింత వస్తువేదైనా తగిలితే పారేయకుండా చెప్పండని మేడం అక్కడి బెస్తవాళ్లను ఎప్పటినుంచో బతిమాలుతోంది. వాళ్లు శంఖాలు చెప్పారు, పాత లంగరు చెప్పారు, ఒకసారి ప్లాస్టిక్ కుర్చీ కూడా చెప్పారట. చివరికి ఇది చెప్పారు. వేళ్లతో సహా ఉన్న మొద్దు. వేళ్ల సందున మన్ను ఇంకా పట్టుకునే ఉంది, మన్నులో ఆకుల ముద్ద. ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన కట్టెకైతే అలా మన్ను పట్టుకుని ఉండదట. అంటే అది పెరిగిన చోటే మునిగి ఉండొచ్చు. ‘ఉండొచ్చు’ అనేది మేడంకు ఇష్టమైన మాట. ఒక పక్క గొడ్డలి పెట్టులాంటి గాటు ఉంది. అది మనిషి చేసిందేనా అని నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు. ముందు వయసు తేలాలి అమ్మమ్మా అనేది.

వయసు తేలాలంటే ఒక చిన్న చెక్క కోసి వేరే ఊళ్లోని పెద్ద ల్యాబుకు పంపాలి. ఆ చెక్క తనే కోస్తానంది. ఈలోగా పడవ పని ఒకటి మిగిలి ఉందని తీరానికి పోయింది. ఆ మొద్దు వయసు తేలితేనే పైవాళ్లు ఆమెను మళ్లీ పడవ ఎక్కనిస్తారు. తేలకపోతే ఈ పని ఇక్కడితో సరి. ఈ సంగతి ఆమె చెప్పలేదు, సూపరింటెండెంటు సారు చెప్పారు. ఆమె నాకు చెప్పిందల్లా ఇంతే: మొద్దు తడిగా ఉండాలి, నీళ్లలో నీళ్లు తప్ప ఇంకేదీ పడకూడదు, నేను వచ్చేదాకా మీదే బాధ్యత.

వారానికోసారి పాత నీళ్లు తీసి కొత్తవి పోసేదాన్ని, ఉప్పు దిగిపోవడానికి. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ నీళ్లు మొక్కకు పనికిరావు, గిన్నెకు పనికిరావు. బకెట్లలో పట్టి పాయిఖానాలో పోసేదాన్ని, ఆ మాత్రమైనా అక్కరకు రావాలని. రోజూ మార్చుదామంటే మా మేడకు నల్లా రోజు విడిచి రోజే వచ్చేది. తొట్టికి మూత పెడదామంటే మొద్దుకు ఒక వేరు బర్రె కొమ్ములా పైకి లేచి ఉండేది. మూత పడేది కాదు. పైన గుడ్డ కప్పితే ఆ కొమ్ము దగ్గర సందు. వానలు మొదలైన రోజులు. దోమకు ఆ సందు చాలు.

ఇప్పుడు కొట్లాట దగ్గరికి వస్తాను.

నేను తొట్టికి అడ్డం నిలబడ్డాను. నూనె పడితే ఆ కట్టె వయసు చెడిపోతుందని చెప్పాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. కట్టెకు వయసేందమ్మా, దానికేమన్న పెండ్లి చేస్తున్నవా అన్నాడు. నేను కోపం పట్టుకుని, ఆ నూనె భూమి అడుగు నుంచి వచ్చిందని, అది ఎప్పటిదో లెక్కకే అందదని, కట్టెలోకి అది దిగితే కట్టెను పరీక్ష చేసినప్పుడు నూనె వయసు కూడా కలిసి కట్టె ఇంకా ముసలిదని చూపిస్తుందని, మేడం నాకు చెప్పినట్టే చెప్పాను. అతను శ్రద్ధగానే విన్నాడు. విని, నడుముకు వేలాడే తెల్ల గంటె తీసి తొట్టిలో ముంచి నా ముఖం ముందు పెట్టాడు.

గంటెలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. మా గల్లీలో ఎవరి గుమ్మం ముందు కుండలో నీళ్లు నిలిచినా బోర్లించి మరీ తిట్టేది నేను.

“మా పక్కింటి పోరి జెరంతోని దవాఖానల పడ్డది,” అన్నాడతను, ఈసారి గొంతు తగ్గించి. “గా పిల్లకు నీ కట్టె ముచ్చట చెప్పుమంటవా, పెద్దమ్మా?”

నా డ్యూటీ ఎంత నిజమో అతని డ్యూటీ అంత నిజం. ఉద్యోగంలో తప్పుడు మనుషులతో పోట్లాడటం తేలిక, ఆ పని నాకు బాగానే వచ్చు. ఎదుటివాడిదీ న్యాయమే అయినప్పుడు చేతిలో మగ్గు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

అతను నా ముఖం చూసి డబ్బా మూత బిగించాడు. రేపు పొద్దున వస్తానన్నాడు. నీళ్లు నిలిచి ఉంటే అడగకుండా పోస్తానన్నాడు. అడిగితే మళ్లీ నువ్వు కథ చెప్తవు అని కూడా అన్నాడు.

మేడంకు ఫోన్ చేశాను. పడవ మీద ఉంటే ఫోన్ కలవదు. సూపరింటెండెంటు సారు గదిలోకి పోయాను.

సారు వాళ్లది కోస్తా. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డప్పుడు వాళ్ల తాతగారు ఉద్యోగానికని వచ్చి స్థిరపడ్డారు. సారు పుట్టింది, పెరిగింది, ఇల్లు కట్టింది అంతా హిమాయత్‌నగర్‌లోనే. అయినా సముద్రం మాట వస్తే ‘మా సముద్రం’ అనేవారు. ఒక్కసారి మేడంతో పడవ ఎక్కి, ఒడ్డు కనపడుతుండగానే వాంతులు చేసుకుని దిగిపోయారట. మంచి మనిషి. కిటికీ పక్కన, కూలర్‌కు ఆనుకుని కుర్చీ వేసుకుని, పేపరుతో దోమలు కొట్టుకుంటూ కూర్చునేవారు. ఆ దోమలన్నీ నా తొట్టివేనని ఆయన నమ్మకం. ఆ దోమల మందతను చెప్పిందీ నిజమేగా పెద్దమ్మా, ఈ గదిలో కూర్చోలేకపోతున్నాననుకోండి అన్నారు.

నూనె పడితే ఏమవుతుందో విన్నాక మాత్రం కంగారు పడ్డారు. తొట్టిని ఆ మనిషి వచ్చి పోయేదాకా పాత బీరువాల గదిలో పెట్టి తాళం వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. తొట్టిని దాస్తే పురుగులు దాగుతాయి కానీ చావవు. పక్కింటి పోరి మాట నా చెవుల్లో ఇంకా ఉంది. పోనీ దోమ పురుగుల్ని తినే చేపలు ఉంటాయట, తెచ్చి వేద్దామన్నారు. చేప తింటుంది సరే, తిన్నాక చేసే పని కూడా ఆ నీళ్లలోనే చేస్తుంది కదా అన్నాను. సారు నొచ్చుకున్నారు. చివరికి చెరుకురసం బండి దగ్గర ఐసు గడ్డ తెచ్చి మొద్దును దాని మీద పడుకోబెడదామన్నారు. శవాన్ని పెట్టినట్టా సారూ అంటే, ఆయన మళ్లీ పేపరు చేతికి తీసుకున్నారు.

మూత పడే పెద్ద డ్రమ్ము దొరికితే సరిపోతుందని నాకు తోచింది. రెండు దారాలు తీసుకున్నాను. ఒక దారంతో కొమ్ముతో సహా మొద్దు కొలిచాను. ఇంకో దారంతో మా మేడ మెట్ల మలుపు కొలిచాను. ఆటో ఎక్కకుండా అబిడ్స్ దాకా నడిచి, ప్లాస్టిక్ సామాన్లు అమ్మే దుకాణాలు పట్టాను. మొద్దు దారానికి సరిపోయిన డ్రమ్ము మెట్ల దారానికి సరిపోలేదు. మెట్లకు సరిపోయిన దాంట్లో కొమ్ము పట్టదు. ఒక దుకాణం అతను నేను దారాలు మార్చి మార్చి పెట్టడం చూసి, గిండ్ల ఏం పోస్తవవ్వా, బియ్యమా అని అడిగాడు. చెట్టు అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా డ్రమ్ము మీద చెయ్యి తీసేశాడు.

ఉత్త చేతులతో తిరిగి వస్తుంటే స్టేషన్ ముందర పాన్ డబ్బా దగ్గర కాళ్లు ఆగాయి. డబ్బాలో కూర్చున్నతను తమలపాకుల కట్టను తడి గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. నీళ్లు చిలకరిస్తున్నాడు, ఆకు తీస్తున్నాడు, మళ్లీ చుడుతున్నాడు. ఎన్నేళ్లుగా ఆ దారినే పోతున్నానో. గిన్నెలో నీళ్లు లేవు, ఆకు ఎండలేదు, దోమ లేదు.

వచ్చి సారుకు చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఉండండి, నేను ఇప్పుడే వస్తానని స్కూటర్ వేసుకుని ఇంటికి పోయి, పెళ్లినాటి పంచె తెచ్చారు. మంచి పని చేయడానికి మంచి గుడ్డే వాడాలట. చాకలి ఇంటి నుంచి అప్పుడే వచ్చిన పంచె. మడత విప్పితే అట్టలా నిలబడింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని తొట్టి మీదికి వంగాం. అప్పుడు నా ఫోన్ మోగింది. మేడం. పడవ ఒడ్డుకు వచ్చింది.

ఫోన్ సారు చేతికిచ్చి, మేడం మాట ఇద్దరికీ వినపడేలా పెట్టమన్నాను. జరిగింది చెప్పాను. వెనక పడవ ఇంజను చప్పుడు వినపడుతోంది. తడి గుడ్డ చుట్టడం మంచి పనే అమ్మమ్మా, పైన ప్లాస్టిక్ కాగితం కూడా చుట్టండి, నీడలో పెట్టండి, గుడ్డ ఆరనివ్వకండి, నేను బయల్దేరుతున్నాను అంది.

“గుడ్డ ఏది వాడుతున్నారు?” అని అడిగింది.

“నా పంచెనమ్మా. పెళ్లి పంచె,” అన్నారు సారు గర్వంగా.

“గంజి పెట్టారా, సార్?”

సారు పంచె వంక చూశారు. నేను సారు వంక చూశాను. గంజి లేకపోతే అది మా ఇద్దరి చేతుల మధ్య అలా బల్లలా నిలబడదు.

గంజి అంటే బియ్యమే కదా. బియ్యం నిన్నమొన్నటి పంట. నూలు పోగు అంటుకుంటే కనపడుతుంది, చిమటాతో తీసేయొచ్చు. గంజి మాత్రం తడితో పాటు కట్టె లోపలికి దిగుతుంది, కనపడదు. నూనె తగిలితే మొద్దు ముసలిదవుతుంది, గంజి తగిలితే పడుచుదవుతుంది. ఎటుపోయినా దాని అసలు వయసు పోతుంది. రంగు వద్దు, సబ్బు వద్దు, గంజి అసలే వద్దు అని చెప్పి మేడం ఫోన్ పెట్టేసింది. పంచె కొస మొద్దుకు జానెడు దూరంలో ఉంది. సారు దాన్ని వెనక్కి లాక్కుని మడత పెట్టేశారు.

గంజి లేని తెల్లటి నూలు గుడ్డ. వినడానికి ఎంత చిన్న మాట. నా చీరలన్నీ గంజి చీరలే. అన్నం వార్చిన గంజిని పారబోయడం నా వల్ల కాదు, గుడ్డ కూడా రెండేళ్లు ఎక్కువ మన్నుతుంది. ఆఫీసు తువ్వాళ్లకు సబ్బు. కొత్త గుడ్డ కొందామంటే దానికి మిల్లు గంజి ఉంటుంది, అది పోవాలంటే రోజుల తరబడి ఉతకాలి. సారు ఇంట్లో ఉన్నవన్నీ ఆ పంచెకు అన్నదమ్ములే.

గంజి లేని గుడ్డలు ఎక్కడున్నాయో నాకు అప్పటికే తెలుసు. తెలిసే, ఇంకెక్కడైనా ఉన్నాయేమోనని ఆలోచిస్తున్నాను.

మా ఇంట్లో రేకు పెట్టె అడుగున ఉన్నాయి. మా మనవరాలికి నెలలు నిండాయి. పుట్టే బిడ్డకు మేము కొత్త బట్ట వెయ్యం, పెద్దవాళ్లు కట్టి మెత్తబడ్డ పాత గుడ్డలే పొత్తిగుడ్డలు. మా ఆయన ధోవతులు నేను ఎవరికీ ఇవ్వలేదు. వాటినే చించి, ఉత్త వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండకు వేసి, మళ్లీ ఉడకబెట్టి, సబ్బు గంజి తగలకుండా మడత పెట్టి ఉంచాను. పుట్టకముందు నలుగురికీ చూపకూడదని పైన పాత రగ్గు కూడా కప్పాను.

ఇంటికి పోయి పెట్టె తెరిచాను. మనవరాలు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రగ్గు తీస్తుంటే చూసింది. నేను దాచలేదు, సంగతి చెప్పాను. ఇంకా పుట్టని బిడ్డ గుడ్డలు ఎన్నడో చచ్చిన కట్టెకు చుట్టొచ్చో లేదో నాకు తెలుస్తలేదే అని కూడా చెప్పాను. మా ఇంట్లో నేను తెలియదని చెప్పడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. నోరు తెరుచుకుని చూసింది.

“గా కట్టె ఎంత పాతది అమ్మమ్మా?”

“రాజుల కంటె ముందటిదంట.”

“మరి పెద్దోళ్లు గదా. ముందు వాళ్లకే ఇయ్యి. వీడు ఇంక లోపలనే ఉన్నడు, వీనికేం తొందర లేదు.”

“మీ తాత ధోతులే పిల్లా అవి.”

“తాత ఏమంటడు? పోనీ, ఆయన సముద్రం సూడనే లేదంటివి గదా. గిట్లనన్న కలుస్తడు.”

నేను ముక్కు మీద వేలేసుకున్నాను. తర్వాత గుడ్డలు సగం తీసి సగం పెట్టెలోనే ఉంచాను. మనసు కరిగింది కదా అని చెయ్యి మొత్తం జారవిడవకూడదు.

నేను తిరిగి వచ్చేసరికి సారు ఇంటికి పోకుండా కూర్చునే ఉన్నారు. ఇద్దరం కలిసి మొద్దును ఎత్తి ఒక ప్లాస్టిక్ పలక మీద పెట్టాం. నీళ్లలో తేలికగా అనిపించేది, బయటికి తీస్తే నానిన పరుపంత బరువు. గుడ్డలు మంచినీళ్లలో ముంచి, గాలి బుడగ లేకుండా అదిమి చుట్టాను. వేళ్ల సందుల్లో సన్న పీలికలు కుక్కాను, మన్ను రాలకుండా. ఆ గాటు ఉన్న పక్క మాత్రం రెండు మడతలు వేశాను. చిత్రం, చేతులు వాటంతట అవే పసిబిడ్డను చుట్టినట్టే చుట్టాయి. సారు అది చూసి, కొంచెం మెడ దగ్గర పట్టుకోండి పెద్దమ్మా అన్నారు. నేను పట్టుకున్నాక గానీ దానికి మెడ లేదని ఇద్దరికీ గుర్తు రాలేదు.

సగం గుడ్డలు చాలలేదు. కొమ్ము బయటే మిగిలిపోయింది. నా చేతిసంచి అడుగున, పెట్టెలో ఉంచిన సగంలోంచి ఇంకొక గుడ్డ విడిగా పెట్టి తెచ్చాను, ఎందుకైనా మంచిదని. అది తీసి కొమ్ముకు తలపాగాలా చుట్టాను. సంచి అడుగున ఎందుకుందో సారు అడగలేదు. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, వదులుగా దారం కట్టి, వరండా నీడలో పెట్టాం. తొట్టి నీళ్లు ఎప్పటిలాగే బకెట్లలో పట్టి పాయిఖానాలో పోశాను, పురుగులతో సహా. తొట్టి కడిగి బోర్లించాను.

మర్నాడు పొద్దున నేను తాళం తీసి ఊడ్చేసరికి అతను వచ్చాడు. వీపున పంపు, చేతిలో డబ్బా. వరండాలోకి వచ్చి బోర్లించిన తొట్టిని కాలితో కొంచెం జరిపి కింద చూశాడు. ఏమీ లేదు. పలక మీద ఉన్నదాన్ని చూసి, గిదేనా అన్నాడు. ఔ అన్నాను. లోపల పోరగాడున్నట్టే ఉన్నది గదా అన్నాడు. నేను ప్లాస్టిక్ కాగితం కొంచెం పక్కకు తీసి చూపించాను. అతను వంగబోయి, ఆగి, చేతిలోని నూనె డబ్బాను వెనక్కి తీసుకుపోయి గడప అవతల పెట్టాడు. పంపు కూడా విప్పి అక్కడే పెట్టాడు. నా మగ్గు అడిగి తీసుకుని చేతులు కడుక్కున్నాడు. అప్పుడు వచ్చి, కొమ్ము మీది తడి గుడ్డను ఒక వేలితో నొక్కి చూశాడు.

“నిజంగనే సముద్రంల అడివుండెనా పెద్దమ్మా?”

“ఉండె.”

పక్కింటి పోరికి ఎట్లుందని అడిగాను. జెరం తగ్గింది, ఇడ్లీ తిన్నదంట అని చెప్పాడు. ఆ తర్వాత గంటె పట్టుకుని గదులన్నీ చూస్తానని లోపలికి పోయాడు. కడుగుడు గది చూశాడు, బీరువాల గది చూశాడు. సారు గదిలో కూలర్ వెనక వంగి, గంటె ముంచి, సారూ జర ఇటు రాండ్రి అన్నాడు. ఎండలు తగ్గాయని సారు కూలర్ ఆపేశారు కానీ అడుగున నీళ్లు అలాగే ఉన్నాయి. గంటెలో పురుగులు నా తొట్టిలోవాటికంటే లావుగా ఉన్నాయి.

సారు పేపరు మడత పెట్టి పక్కన పెట్టారు. అతను గడప అవతలికి పోయి డబ్బా తెచ్చి, కూలర్‌లో నూనె పోశాడు. అడగలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి మా తలుపు చట్రం మీద ఆ రోజు తేదీ వేసి, పంపు వీపుకు ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు. నేను మగ్గు బాగా కడిగి, మంచినీళ్లు ముంచుకుని, పొత్తిగుడ్డలు తడపడానికి వరండాలోకి పోయాను. కొమ్ము దగ్గర మొదలుపెట్టాను.